చెదరిన కిరణం, వంగిన కిరణం: రొమ్ము చిత్రణలో ఎక్స్-కిరణాల పరిక్షేపణం

మా కళాశాల కార్యాలయంలో పనిచేయు ఒక సోదరిని విద్యార్థులందరూ ఆపా అని పిలుచుకొందురు. ఆమె ఒకనాడు రొమ్ముకు ఎక్స్-కిరణ చిత్రం, అనగా మామోగ్రాం, తీయించుకొని వచ్చినారు. మరునాడు ఆ చిత్రం ఉన్న కవరును మా భౌతికశాస్త్ర విభాగానికి తెచ్చి, "చిత్రమంతా తెల్లగా ఉన్నదట, ఏమీ తేలలేదట, మళ్ళీ రమ్మన్నారు సార్. తెల్లగా ఎందుకు ఉంటుంది?" అని అడిగినారు. మేము వైద్యులము కాము. చిత్రాన్ని చదువుట మా పని కాదనియు, వైద్యుల వద్దకే తిరిగి వెళ్ళవలసినదనియు చెప్పినాము. తరువాత జరిపిన అల్ట్రాసౌండు పరీక్షలో అది నీటితిత్తి మాత్రమేనని తేలినది. ఆపా నిశ్చింతగా ఉన్నారు. కాని "తెల్లగా ఎందుకు ఉంటుంది" అనునది మాత్రం భౌతికశాస్త్ర ప్రశ్నయే. దానికి ఆనాడు మేము చెప్పిన సమాధానం సగమే. మిగిలిన సగాన్ని ఈ సంచికలో విన్నవించుకొనుచున్నాము.

ప్రశ్న ఒక్క ఆపాది కాదు. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ నివేదికలో, లక్షమంది స్త్రీలకు 48 చొప్పున, రొమ్ము క్యాన్సరులో హైదరాబాదు జిల్లా దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో మొదటి స్థానాన ఉన్నది. దేశం మొత్తం మీద 2022లో కొత్తగా సుమారు 1,92,000 మంది ఈ వ్యాధికి లోనైనారనియు, సుమారు 98,000 మంది మరణించినారనియు అంతర్జాతీయ అంచనా. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలకన్న సుమారు పది సంవత్సరాలు ముందుగానే కనిపించుచున్నదని వైద్యులు చెప్పుదురు. వయస్సులో ఉన్నవారి రొమ్ములో క్రొవ్వు తక్కువ, గ్రంథిజాలం ఎక్కువ. నిజాంపేట చుట్టుపట్ల అపార్టుమెంట్లనుండి ప్రొద్దుననే సైబరాబాదు కార్యాలయాలకు బయలుదేరు సోదరీమణులను చూచినవారికి, ఈ మాట ఎవరిని గూర్చినదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఎక్స్-కిరణాలను రాంట్‌జెన్ 1895 నవంబరు 8న కనుగొన్నాడు. 1913లో బెర్లినులో సాలమన్ అను శస్త్రవైద్యుడు, కోసి తీసిన రొమ్ములను ఎక్స్-కిరణాలతో పరిశీలించి గడ్డల నీడలను వర్ణించినాడు. నాటినుండి నేటివరకు మామోగ్రఫీ సూత్రం ఒక్కటే: శోషణ. ఎక్కువ కిరణాలను మ్రింగిన చోటు తెల్లగాను, తక్కువ మ్రింగిన చోటు నల్లగాను కనిపించును. ఎముక విషయంలో ఈ సూత్రం అద్భుతంగా పనిచేయును. సున్నం కండకన్న ఎంతో ఎక్కువగా కిరణాలను మ్రింగును గదా! రొమ్ములో ఎముక లేదు. క్రొవ్వుకూ గ్రంథికీ కొంత తేడా ఉన్నది గాని, గ్రంథికీ క్యాన్సరు గడ్డకూ ఉన్న తేడా మిక్కిలి స్వల్పం. తెల్లని గోడమీద తెల్లసుద్దతో వ్రాసినట్లు ఉండును. ఆపాకు ఆనాడు మేము చెప్పిన సగం సమాధానం ఇదే.

రెండవ సగం పరిక్షేపణం. మా కళాశాలలోని ఉర్దూ విభాగ మిత్రులు దీనిని ఇంతిషార్ అందురు. ఆ మాటలో చెదరుట అను అర్థంతోపాటు కలవరమను అర్థం కూడ కలదు. మా శాస్త్రపదంకన్న అదే ఇక్కడ ఎక్కువ పొసగుచున్నదని మా అభిప్రాయం.

రొమ్ము చిత్రణలో వాడు కిరణాల శక్తి సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మెత్తని కండ దాదాపు నీటివంటిది గనుక నీటి లెక్కలే తీసికొందము. ఈ శక్తి వద్ద నీటిలో జరుగు సంఘటనలు నూరనుకొంటే, వానిలో సుమారు 67 కాంతివిద్యుత్ శోషణలు. అక్కడ కిరణం పూర్తిగా అంతరించును. సుమారు 22 కాంప్టన్ పరిక్షేపణలు. ఆర్థర్ కాంప్టన్ 1923లో వివరించిన విధంగా, ఫోటాను ఎలక్ట్రానుకు తగిలి, కొద్దిపాటి శక్తిని దానికిచ్చి, దారి తప్పి పోవును. తక్కిన 11 ర్యాలే పరిక్షేపణలు. ఇక్కడ శక్తి తరగదు, దారి మాత్రం మళ్ళును. కాంప్టన్ పరిక్షేపణలో కూడ ఈ శక్తులవద్ద పోవు శక్తి బహు తక్కువ. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాను 90 డిగ్రీలు మళ్ళినను 19కి పైగా శక్తితోనే బయటపడును. కనుక చిత్రఫలకం దానిని చూచి "నీవు సూటిగా వచ్చినవాడవు కావు" అని పట్టుకొనజాలదు.

పరిక్షేపణశాస్త్రం తెలుగువారికి కొత్త కాదని ఇక్కడ ఒక మాట చెప్పుట అప్రస్తుతం కాదు. ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, రామన్ శిష్యులై, కాంతి పరిక్షేపణంపై వ్రాసిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించినది. వారు తరువాత మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా కూడ పనిచేశారు.

ఇక చెదరిన కిరణాలు చేయు నష్టమెంత? జాలక అడ్డం లేనపుడు, ఓ మోస్తరు మందంగల రొమ్ములో చెదరిన కిరణాలు సూటి కిరణాలలో సుమారు సగం వరకు ఉండును. మందం పెరిగినకొద్దీ ఆ వంతు పెరుగును. ఒక చిన్న లెక్క వేయుదము. ఆరోగ్యకరమైన భాగం వెనుక 100 ఫోటానులు, గడ్డ వెనుక 90 ఫోటానులు ఫలకాన్ని చేరినవనుకొందము. తేడా నూటికి పది. ఇప్పుడు రెండింటిపైనను చెదరినవి 50 చొప్పున సమంగా వచ్చి పడినవి. 150కి 140. తేడా నూటికి ఏడు కూడ లేదు. గడ్డ మారలేదు, యంత్రం మారలేదు. తేడాలో మూడవవంతు మాయమైనది. శీతకాలం ప్రొద్దుట పొగమంచులో నిజాంపేట రోడ్డుమీద వాహనం నడిపినవారికి ఇది అనుభవమే. దీపం వెలుతురు పెంచినకొద్దీ మంచు తెల్లబడునే గాని ముందున్న బండి కనిపించదు.

దీనికి 1913లోనే బక్కీ అను వైద్యుడు ఒక ఉపాయం కనిపెట్టినాడు. సన్నని సీసపు పట్టీల జాలకను రోగికీ ఫలకానికీ నడుమ ఉంచును. సూటిగా వచ్చినవి పట్టీల సందులనుండి దాటును. ఏటవాలుగా వచ్చినవి సీసానికి తగిలి ఆగును. నేటికీ ఆసుపత్రులలో ఉన్నది ఇదే. కాని జాలక సూటి కిరణాలను కూడ కొన్నింటిని మ్రింగును. ఆ లోటు పూడ్చుటకు రోగికిచ్చు మోతాదును సుమారు రెట్టింపు చేయవలసివచ్చును. మామోగ్రఫీలో రొమ్మును రెండు పలకల నడుమ నొక్కుటకు గల కారణాలలో కూడ పరిక్షేపణం ఒకటి. మందం తగ్గిన చెదరుట తగ్గును. ఆ నొప్పికి జడిసి పరీక్షకు రానివారు కలరు గనుక ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు వేరొక దారి చూతము. ఇంటిమీది సిమెంటు తొట్టిలో నీరు నిలిపి, ఎండ పడుచుండగా చేతితో కొంచెం కదిలించండి. అడుగున వెలుగు గీతలు అల్లిబిల్లిగా పారాడును. ఆ నీరు వెలుతురును మ్రింగినది కాదు. అల వద్ద ఎంత వెలుతురో, అల లేనిచోటను అంతే. అల వంపువలన కిరణాలు కొద్దిగా వంగి, ఒకచోట గుమిగూడి, ఒకచోట పలచబడినవి. శోషణ లేకుండనే చిత్రం ఏర్పడినది! ఇంకొక విశేషమేమనగా, నీటి ఉపరితలానికి ఆనుకొని పలకను పట్టుకొన్నచో గీతలు స్పష్టంగా కనిపించవు. కొంత లోతు కావలెను. వంగిన కిరణానికి తన వంపును చూపుకొనుటకు దూరం కావలెను.

దశా వైషమ్య చిత్రణకు మూలసూత్రం ఇదే. కాంతి విషయంలో ఈ దశాభేదాన్ని కంటికి కనిపించునట్లు చేసిన జెర్నిక్‌కు 1953లో నోబెల్ బహుమానం లభించినది. ఎక్స్-కిరణాల విషయంలో కార్యం కఠినతరం. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద నీటి వక్రీభవన గుణకం ఒకటికన్న పది లక్షలలో సగం వంతు మాత్రమే తక్కువ. వంపు ఒక మైక్రోరేడియను ప్రాంతం. అనగా కిలోమీటరు దూరం పోయిన పిమ్మట ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరుగును. ఇంత చిన్నదానితో ఏమి పని అందురేమో. అదే శక్తి వద్ద కండ కిరణదశను మార్చు గుణం, దానిని మ్రింగు గుణంకన్న సుమారు వెయ్యి రెట్లు అధికం. శోషణచిత్రంలో కలిసిపోయిన అంచులు, దశాచిత్రంలో గీత గీసినట్లు తేలుటకు అవకాశం కలదు.

ఆ సూత్రం ప్రయోగశాలల్లో ఆచరణలోకి వచ్చినది 1990లలో. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 1995లోను, ఆస్ట్రేలియాలో 1996లోను దూరాన్ని సాధనంగా చేసికొన్న పద్ధతి వెలువడినది: వస్తువునుండి ఫలకాన్ని దూరంగా జరుపుట, అంతే. తొట్టి లోతు పెంచుటయే. పరిక్షేపణాన్ని గూర్చి మేము చెప్పదలచినది ఇక్కడనే మొదలగుచున్నది. వంపును చూపుటకని పెంచిన ఆ దూరమే చెదరిన కిరణాలను తరిమివేయును.

లెక్క చూడండి. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద క్రొవ్వునుండి ర్యాలే పరిక్షేపణం అధికంగా సుమారు 8 డిగ్రీల కోణంలో జరుగును. ఫలకం రొమ్ముకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నచో, ఆ కిరణం తాను పడవలసిన చోటికి 1.4 మిల్లీమీటర్ల దూరంలోనే పడును. పొరుగింటి సమాచారాన్ని చెరపును. ఫలకం రెండు మీటర్ల దూరంలో ఉన్నచో, అదే కిరణం 28 సెంటీమీటర్లు ప్రక్కకుపోయి చిత్రం అంచులు దాటిపోవును. అంత దూరంలోనూ మైక్రోరేడియను వంగిన కిరణం జరిగినది రెండు మైక్రోమీటర్లే. అది చిత్రంలోనే ఉండి తన మాట చెప్పును. జాలక అక్కరలేదు. జాలకకై మోతాదు పెంచనక్కరలేదు.

ఇది కాగితంమీది లెక్క మాత్రమే కాదు. ఇటలీలోని ట్రియెస్టె నగరంలో ఎలెట్రా అను సింక్రోట్రాను వద్ద, 2006నుండి 2009వరకు 71 మంది స్త్రీలకు ఈ విధంగా చిత్రాలు తీసినారు. మామోగ్రామూ అల్ట్రాసౌండూ చూచినను సంశయం తీరనివారినే, అనగా మన ఆపావంటివారినే, ఎన్నుకొన్నారు. స్త్రీ బోర్ల పరుండి ఉండగా, పట్టీవలె వెడల్పుగాను కొద్ది మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమేగాను ఉన్న కిరణపుంజం ముందు ఆమె ఉన్న బల్లను మెల్లగా కదిలించినారు. ఏ క్షణానికైనను రొమ్ములో వెలుగుచున్నది సన్నని పొర ఒక్కటే. చెదరుటకు పుట్టుకయే తక్కువ. పుట్టినవి రెండు మీటర్ల ఖాళీలో చెదరిపోయినవి. క్యాన్సరు లేనివారికి క్యాన్సరేమోనను భయం కలిగించు పొరపాటు ఆ చిత్రాలలో చెప్పుకోదగినంత తగ్గినది. ఆ భయంతో ఎన్ని రాత్రులు నిద్రపట్టదో అనుభవించినవారికి ఈ ఫలితం విలువ తెలియును.

అయితే చిక్కు తీరిపోయినదని అనుకొనరాదు. దశ ఆధారంగా చిత్రం తీయునపుడు శోషణ అవసరం తగ్గును గనుక, కిరణాల శక్తిని పెంచవచ్చును. శక్తి పెంచినచో శరీరం మ్రింగు మోతాదు తగ్గును. నొక్కుడు లేకుండ రొమ్మును చుట్టుపట్ల నుండి చిత్రించి ముక్కోణాలలో పునర్నిర్మించు సి.టి. పద్ధతికి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన శక్తిని వాడుచున్నారు. ట్రియెస్టెలోను, మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియా సింక్రోట్రానులోను ఈ కృషి సాగినది. కాని 30 వద్ద నూరు సంఘటనలలో కాంప్టన్ పరిక్షేపణలే సుమారు 49. శోషణలు 39కి దిగినవి. పైగా నొక్కుడు లేదు గనుక మందం ఎక్కువ. ఒక చేత తరిమిన పరిక్షేపణాన్ని మరియొక చేత పిలిచినట్లైనది. దూరమూ సన్నని పుంజమూ ఉన్నంతవరకు దీనిని ఓర్చుకొనవచ్చును.

అసలు సమస్య, సింక్రోట్రాను లేనివారిది. ఆ యంత్రం ఒక పెద్ద వలయాకారపు భవనం. ఆసుపత్రి గదిలో పట్టునది కాదు. 2006లో స్విట్జర్లాండులో ఫైఫర్ ప్రభృతులు, సన్నని గీతలు చెక్కిన జాలకలను మూడింటిని వరుసగా నిలిపి, మామూలు ఎక్స్-కిరణ గొట్టంతోనే దశాచిత్రాన్ని సాధించినారు. ఈ జాలకలు బక్కీ జాలకవంటివి కావు. వీనిలో రెండింటి గీతల ఎడం కొద్ది మైక్రోమీటర్లే. ఒక జాలకను అడుగడుగునా జరుపుచు, ఫలకంలోని ప్రతి బిందువు వద్ద వెలుతురు అలవలె హెచ్చి తగ్గుటను కొలుతురు. ఆ అల సగటునుండి శోషణ, అల ప్రక్కకు జరిగిన తీరునుండి వక్రీభవనం, అల ఎత్తు తగ్గుటనుండి మూడవ సమాచారం తెలియును. ఈ మూడవదానిని చీకటిక్షేత్ర చిత్రమందురు. కంటికి అందనంత చిన్న సున్నపు కణాలు, నారలు ఉన్నచోట కిరణాలు మైక్రోరేడియనుల పరిధిలో చెదరి అలను చదును చేయును. రొమ్ము క్యాన్సరుకు తొలి గురుతులలో అట్టి సున్నపు కణాలు ఒకటి గనుక వైద్యులకు దీనిపై ఆశ మెండు.

ఇక్కడ పెద్ద కోణాలలో చెదరినవి చేయు మోసం చూడండి. సగటు 100, దానిపై హెచ్చుతగ్గు 30 అనుకొందము. స్పష్టత నూటికి 30. కాంప్టన్ కిరణాలు 50 అదనంగా వచ్చి పడినవి. అవి ఏ అలలోనూ చేరవు; అడుగున బురదవలె సమంగా పేరుకొనును. సగటు 150, హెచ్చుతగ్గు అదే 30, స్పష్టత 20. యంత్రం ఏమనుకొనును? "అల చదునైనది, ఇక్కడ సూక్ష్మకణాలు ఉన్నవి" అని అనుకొనును. లేని గురుతును ఉన్నట్లు చూపును! శోషణచిత్రంలో పరిక్షేపణం ఉన్న తేడాను మరుగుపరచును. చీకటిక్షేత్ర చిత్రంలో లేనిదానిని కల్పించును. రెండవది మరింత అపాయమని మా అభిప్రాయం. అల ప్రక్కకు జరుగుట మాత్రం సగటున మారదు. వక్రీభవనం చెప్పు సాక్ష్యం తప్పుకాదు, దాని గొంతు మాత్రం హోరులో బలహీనపడును. అందుచే ఈ పద్ధతిని ఆసుపత్రికి తేదలచినవారు చెదరినవానిని ముందుగా కొలిచియో, గణనచేసియో తీసివేయక తప్పదు. మోంటే కార్లో అను గణనపద్ధతిలో కోట్లకొలది ఫోటానుల దారులను కంప్యూటరులో ఒక్కొక్కటిగా నడిపి ఈ లెక్క వేయుదురు. సైబరాబాదులో ఉద్యోగానికి సిద్ధపడు మా కంప్యూటరు విద్యార్థులు ఈ వాక్యాన్ని రెండవసారి చదువవలెనని కోరుచున్నాము.

మూడవ పద్ధతి స్ఫటికానిది. 1997లో చాప్మన్ ప్రభృతులు అమెరికాలోని బ్రూక్‌హేవెన్ సింక్రోట్రాను వద్ద దీనిని ప్రకటించినారు. రొమ్ముకు వెనుక ఒక సిలికాను స్ఫటికాన్ని అమర్తురు. ఆ స్ఫటికం కొద్ది మైక్రోరేడియనుల లోపల వచ్చిన కిరణాన్ని మాత్రమే పరావర్తనం చేసి ఫలకానికి పంపును. 8 డిగ్రీలు మళ్ళినది దాని దృష్టిలో లేనట్లే. పరిక్షేపణాన్ని ఇంత కఠినంగా త్రోసివేయు ద్వారపాలకుడు వేరొకడు లేడు. 2000 సంవత్సరంలో రొమ్ము క్యాన్సరు నమూనాలను ఇట్లు చిత్రించి, సూక్ష్మదర్శినిలో కనిపించిన వానితో పోల్చి చూచినారు. కాని కఠినమైన ద్వారపాలకుడు లోనికి పంపునది కొద్దిమందినే. ప్రబలమైన కిరణపుంజం లేనిదే చిత్రానికి చాలా సేపు పట్టును.

ఈ స్ఫటిక పద్ధతిలో ఒక తెలుగు కళాశాల పేరు ఉన్నది. ఏలూరులోని సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల భౌతికశాస్త్ర విభాగానికి చెందిన డి.వి.రావు గారు, ఇటలీ, జపాను, అమెరికా శాస్త్రజ్ఞులతో కలసి ఎక్స్-కిరణ పరిక్షేపణంపైనను, సింక్రోట్రానుతో జీవకణజాల చిత్రణపైనను పరిశోధనలు చేశారు. స్ఫటిక పద్ధతిని గూర్చిన వారి వ్యాసం ఒకటి 2012లో వెలువడినది. మనవంటి కళాశాలలో పాఠం చెప్పుకొను అధ్యాపకులకు అది సాధ్యమైనదని మా విద్యార్థులకు తెలియుట మంచిది. పెద్ద యంత్రం తమ ఊరిలో లేనంత మాత్రాన వారు ఆగిపోలేదు.

చెదరిన కిరణాన్ని ఇంతసేపు దోషిగానే నిలబెట్టినాము. న్యాయంగా మరియొక మాట చెప్పవలెను. క్రొవ్వు అధికంగా 8 డిగ్రీల వద్ద చెదరగొట్టగా, నీరు ఎక్కువగాగల గ్రంథి, గడ్డ సుమారు 11 డిగ్రీల వద్ద చెదరగొట్టును. కనుక ఏ కోణంలో ఎన్ని చెదరినవో కొలిచినచో, ఆ కణజాలం ఏదో కొంతవరకు గుర్తింపవచ్చును. 1990లనుండి శస్త్రచికిత్సలో తీసిన రొమ్ము నమూనాలపై ఈ కొలతలు జరిగినవి. ఫలకంమీద పడినపుడు కలవరమైనది, తగినచోట పట్టుకొన్నపుడు సమాచారమగుచున్నది.

మన దేశంలో ఈ ప్రయోగాలకు తగిన యంత్రం ఇండోరులో ఉన్నది. రాజా రామన్న ఉన్నత సాంకేతిక కేంద్రంలోని ఇండస్-2 సింక్రోట్రాను శక్తి 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. దానికి చిత్రణకై ప్రత్యేకంగా ఒక కిరణమార్గం ఉన్నది. దశా వైషమ్య చిత్రాలు అక్కడ తీయుచున్నారు. అది పరిశోధనకు, రోగుల పరీక్షకు కాదు. మన నగరంలో, మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో ఏర్పడిన క్యాన్సరు ఆసుపత్రి మొదలుకొని నిజాంపేట రోడ్డుప్రక్క రోగనిర్ధారణ కేంద్రం వరకు, ఉన్నది శోషణచిత్రమే; చిత్రం తెల్లగా వచ్చినవారికి తోడు అల్ట్రాసౌండు, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. ఆపాకు తేల్చి చెప్పినది ఆ అల్ట్రాసౌండే. ఈ వ్యాసం ప్రతిని ఆమెకు ముందుగా చదివి వినిపించినాము. తొట్టిలోని గీతలవరకు అర్థమైనదనియు, మూడు జాలకల సంగతి మళ్ళీ చెప్పవలెననియు అన్నారు. సెలవులైన పిమ్మట ప్రయోగశాలలో గాజుతొట్టి, దీపం, కొద్దిగా పాలు పెట్టి చూపుదుమని మాట ఇచ్చినాము.